43 సార్లు ‘నువ్వు’

బెంగళూరు నుంచి ఒక అధ్యాపకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ కాలేజీ పేరూ వద్దన్నారు. నాలుగు పేజీలుంది, కుదించి చెబుతున్నాను.

ఆమెకు 42 ఏళ్లు. సొంత ఊరు మదనపల్లె దగ్గర ఒక పల్లె, ‘మాది వ్యవసాయ కుటుంబం’ అని రాశారు. 11 ఏళ్లుగా ఎంఏ సోషియాలజీ పిల్లలకు పరిశోధనా పద్ధతులు చెబుతున్నారు. అందులో రిఫ్లెక్సివిటీ అని ఒక పాఠం ఉంది. సమాజాన్ని చదివేవాళ్లు తాము ఎక్కడ నిలబడి చూస్తున్నారో కూడా చదువుకోవాలి, తమ కులం, చదువు, జీతం తమ చూపును ఎటు వంచుతున్నాయో గమనించుకోవాలి అనేది దాని సారం. ఆ పాఠం బాగా చెబుతారని ఆమెకు పేరు.

కిందటేడు తమ వార్డులో పౌరకార్మికుల మీద ఒక చిన్న అధ్యయనం మొదలుపెట్టారు. బెంగళూరు వీధులు ఊడ్చేవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే దళితులు, ఎక్కువమంది మాదిగలు. తాతలో ముత్తాతలో ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. తనదీ తెలుగే కాబట్టి పని తేలికవుతుందని ఈమె అనుకున్నారు. రికార్డు చేసిన మాటల్ని కాగితం మీదికి ఎక్కించే పని ఎంఏ రెండో ఏడు విద్యార్థికి అప్పగించారు. ఇంట్లో తెలుగే, కానీ బడి చదువంతా కన్నడంలో. తెలుగు అక్షరాలు రావు కనుక తెలుగు మాటల్ని కన్నడ లిపిలో రాసిచ్చాడు. మొదటిది 58 ఏళ్ల ఒకావిడతో గంటా పది నిమిషాల ఇంటర్వ్యూ. ఆ కాగితాల చివర పెన్సిలుతో ‘43’ అని ఉంది. ఏమిటిది అని అడిగితే, ‘మీరు ఆమెను నువ్వు అన్న సార్లు మేడమ్. క్లాసులో మాటలు లెక్కపెట్టమని మీరే చెప్పారు కదా’ అన్నాడట. మొత్తంలో ‘మీరు’ ఒక్కటీ లేదు. ఆవిడ మాత్రం తనకంటే పదహారేళ్లు చిన్నదైన ఈమెను ‘అమ్మా, మీరు’ అంటూనే ఉంది. రికార్డింగు మొదట్లోనే, ‘ఇట్లా వచ్చి కూర్చో’ అని ఈమె గొంతు, ‘పర్లేదమ్మా, కింద కూచుంటా’ అని ఆవిడ గొంతు వినబడతాయి. అక్కడ రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి.

ఆ కుర్రాడి తల్లి కూడా పౌరకార్మికురాలేనని ఈమెకు తర్వాత తెలిసింది.

‘ఆ రోజు నుంచి ఆ పాఠం చెప్పడానికి నోరు రావడం లేదు’ అంటారు. మా సీమలో నువ్వు అంటే చనువే తప్ప చులకన కాదని తనకు తాను నచ్చజెప్పుకున్నారు, నమ్మలేకపోయారు. ఇదే సమయంలో డిపార్ట్‌మెంటు హెడ్ ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ పది మార్కులకు ఒక ‘రిఫ్లెక్సివ్ నోట్’ పెడదామన్నారు, నమూనా తయారుచేసే పని ఈమె మీదే పడింది. ‘ఇవి నేర్పితే వచ్చేవి కావు, ఉన్నవాళ్లకు ఉంటాయి’ అని మరో సహోద్యోగి కొట్టిపారేశారు. ఈమె అడుగుతున్నవి ఇవి: 11 ఏళ్లు చెప్పిన నాకే పట్టుబడని అలవాటు పిల్లలకు పట్టించగలనా? ఆ 43 సంగతి పేపర్లో రాయాలా? ఆవిడను క్షమాపణ అడగాలా? ఆ కుర్రాడి ముఖం ఎలా చూడాలి? ప్రమోషనుకు ఈ పేపరు కావాలన్న సంగతి చివరి పేజీలో, బ్రాకెట్లో ఉంది.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒకటి తగిలింది. అది లోపల పెట్టుకుని మిగతా రాయడం బాగుండదు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆ పెద్దావిడ కులం రాశారు. ఆ కుర్రాడి ఇంటి సంగతి రాశారు. మీ దగ్గరికొచ్చేసరికి ‘మాది వ్యవసాయ కుటుంబం’ అన్నారు. ఈ మాట ఎవరంటారో మన జిల్లాల్లో పుట్టినవాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. రెండెకరాలు కౌలుకు చేసుకునే మాదిగ ఇంటి పిల్ల ఈ మాట అంటే ఎదుటివాళ్లు అంతటితో ఊరుకోరు, ఇంకో ప్రశ్న వేస్తారు. మిమ్మల్ని ఎవరూ రెండో ప్రశ్న వేసి ఉండరు.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. దాచాలని మీరు దాచలేదు, చెయ్యి అలా రాసుకుపోయింది. ఇంత మథనపడుతూ, సరిగ్గా ఈ విషయం మీదే రాస్తున్న ఉత్తరంలో కూడా రాసుకుపోయింది. నాకు కనబడటంలో నా తెలివేమీ లేదు. అది నా ఉత్తరం కాదు, అందుకని కనబడింది.

గురివింద గింజ సామెతను మనం ఎప్పుడూ తిట్టుగానే వాడతాం, తన కింది నలుపు తానెరగదని. అందులో గింజ తప్పేముందో నాకు ఏనాడూ అర్థం కాలేదు. దాని కన్నెక్కడ, నలుపెక్కడ? పక్క గింజకు కనబడుతుంది, చెబితే తెలుస్తుంది. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు దాదాపు అక్కడే ఉంది.

నేనూ మీ సబ్జెక్టే చదివాను. ముప్ఫై దాటకముందే వదిలేసి పత్రికల్లో ప్రూఫులు దిద్దడానికి వెళ్లిపోయాను. ఆ రెండో ఉద్యోగమే మొదటి చదువును కాస్త అర్థం చేయించింది. ఎంత పండితుడైనా తన రాతలో అచ్చుతప్పు తను పట్టలేడు. కన్ను అక్షరాన్ని చూడదు, తను రాయాలనుకున్నదాన్ని చూసుకుంటూ వెళ్లిపోతుంది. మరో మనిషి అసలు ప్రతి పట్టుకుని పైకి చదువుతుంటే అప్పుడు దొరుకుతుంది. ప్రూఫ్ రీడర్ల శ్రద్ధ మీద, నిజాయితీ మీద ఎవరూ ప్రసంగాలు చేయరు. ఇద్దరిని కూర్చోబెడతారు, అంతే.

తెలుగులో రిఫ్లెక్సివిటీని ఆత్మపరిశీలన అంటున్నారు. సగం చిక్కు ఆ మాటలోనే ఉందనిపిస్తుంది నాకు. ఆత్మపరిశీలన అనగానే మనిషి కళ్లు మూసుకుని లోపలికి పోతాడు. మీరు లోపలికి చూసుకుంటే ఏం కనబడుతుంది? ఆవిడ పట్ల గౌరవమే కనబడుతుంది. అది అబద్ధమూ కాదు. ఆ 43 మీ మనసులో లేదు, ఫోన్ రికార్డింగులో ఉంది. అక్కడ వెతకాల్సినదాన్ని మనసులో వెతుక్కోమని పదకొండేళ్లుగా పిల్లలకు చెబుతున్నారు. వాళ్లూ వెతికి, దొరికింది రాసి, మార్కులు తీసుకుని వెళ్లారు.

నా కథ ఒకటి చెబుతాను. 1980ల మొదట్లో అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో మూడు నెలలున్నాను. మకాం పెద్దరెడ్డిగారి మిద్దెలో, ఊళ్లో ఆడపిల్లకు క్షేమమైన చోటు అదేనని అందరూ అన్నారు. మధ్యలో మా గైడు చూడటానికి వచ్చారు. నోటుబుక్కులు తిరగేస్తారేమోనని భయపడుతూ కూర్చున్నాను. ఆయన వాటిని ముట్టలేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి ఊరు గీయమన్నారు. గీశాను. ‘వచ్చిన దగ్గర్నుంచీ ఎక్కడెక్కడ కాఫీనో మజ్జిగో తాగావో చుక్కలు పెట్టమ్మా’ అన్నారు. రెడ్డిగారింటి చుట్టూ చీమలు పట్టినట్టు చుక్కలు. అంగడి వీధిలో నాలుగు. బోయగేరిలో ఒకటి. వంక అవతల మాదిగవాడలో ఒక్కటీ లేదు.

అక్కడికి వెళ్లలేదా అంటే, వెళ్లాను. వారానికి రెండు రోజులు వెళ్లి, నిలబడి, అడిగి, రాసుకుని వచ్చాను. ఇస్తే వద్దన్నానా? అనలేదు. వాళ్లివ్వలేదు, నేనడగలేదు. ఎందుకివ్వలేదు, ఎందుకడగలేదు అన్నది నా థీసిస్‌కు మొదటి అధ్యాయం కావలసింది. అప్పటికి నా నోట్సులో అంటరానితనం మీద ఇరవై పేజీలున్నాయి. అన్నీ వాళ్ల గురించి.

ఆయన నన్నేమీ అనలేదు. ఇంకో కాగితం తీసుకుని, తను కుర్రతనంలో పనిచేసిన ఊరు గీసి, చుక్కలు పెట్టి నా ముందుకు తోశారు. అదీ అంతే.

ఆ తర్వాత నాకు బుద్ధి వచ్చిందని మీరనుకోవద్దు. బుద్ధి మాట తెలియదు గానీ ఒక అలవాటు వచ్చింది. ఎక్కడికి వెళ్లి వచ్చినా రాత్రి కాగితం మీద చుక్కలు పెట్టుకోవడం, మరునాడు దాన్ని ఇంకొకరికి చూపించడం. ఆ చూపించడం మానేసిన ఏడాదిలోనే చుక్కలు మళ్లీ పాత ఇళ్లకు చేరాయి. మిమ్మల్ని ఇంత పొందికగా ‘మీరు’ అని రాస్తున్న నేను, మా ఇంట్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషిని నువ్వనే అంటాను. ఈ వాక్యం రాయగానే నా మీద నాకే కాస్త గౌరవం పెరిగింది చూశారా, అదే మీ పది మార్కుల నోటు.

మీ ప్రశ్నను మీకంటే ముందు గట్టిగా పట్టుకున్నవాడు ఫ్రాన్సుకు చెందిన సోషియాలజిస్టు పియెర్ బోర్డ్యూ, మీ సిలబస్‌లోనూ ఉండే ఉంటాడు. బెయార్న్ అనే వెనకబడ్డ ప్రాంతంలో పుట్టి, తపాలా ఉద్యోగి కొడుకుగా పెరిగి, పారిస్‌లో అతి పెద్ద పీఠానికి చేరినవాడు. చనిపోవడానికి ముందు ఏడాది, 2001లో ఇచ్చిన ఆఖరి ఉపన్యాసాల్లో ఇదే చెప్పాడు: ఈ గమనింపు పని ముగిశాక చేసుకునే సమీక్షగా మిగలకూడదు, పని చేస్తుండగానే పనిచేసే రిఫ్లెక్స్ అయిపోవాలి, శాస్త్రవేత్త ఒంట్లో ఇంకిపోవాలి అని. అంటే అలవాటు చేయవచ్చనే ఆయన నమ్మకం. అది ఒంటరిగా ఎవరికివారు తపస్సు చేస్తే వచ్చేదని మాత్రం ఆయన అనుకోలేదు. ఒకే పని చేసేవాళ్లు ఒకరి పనిని ఒకరు నిర్దాక్షిణ్యంగా పరీక్షించుకునే ఏర్పాటు ఉంటేనే అది నిలుస్తుందన్నాడు. తన గురించి తను చెప్పుకుంటూ మురిసిపోయే రకం రిఫ్లెక్సివిటీ అంటే ఆయనకు చిరాకు.

ఆయన చెప్పినదాంట్లో మూడు పొరలున్నాయి. ఒకటి, పుట్టుకతో వచ్చింది: కులం, వర్గం, ఆడా మగా. రెండు, ఉద్యోగంలో మన చోటు: ఎవరి మెప్పు కావాలి, ఏ పేపరు ఎందుకు రాస్తున్నాం. మూడోది అన్నిటికంటే లోతైనది. చదువుకున్నవాళ్లకు ప్రపంచం తీరిగ్గా చూసి విప్పవలసిన పొడుపుకథలా కనబడటం. తెల్లారకముందే చీపురు పట్టుకోవలసిన మనిషికి అది పొడుపుకథ కాదు. మీ పిల్లల నోట్సన్నీ మొదటి పొర దగ్గర ఆగిపోతాయి, కావాలంటే తిరగేసి చూడండి. మీ ప్రమోషను బ్రాకెట్లోకి వెళ్లింది కూడా అందుకే. మీరు ఆ ఇంటర్వ్యూను గంటా పది నిమిషాల్లో ముగించడానికి, ఆవిడ కింద కూర్చుంటే కూర్చోనివ్వడానికి, సీమ మర్యాదల కంటే ఆ బ్రాకెట్టే ఎక్కువ కారణం కావచ్చు. కాకపోనూ వచ్చు. రికార్డింగు వింటే మీకే తెలుస్తుంది.

మన సోషియాలజిస్టుల్లో ఎంఎన్ శ్రీనివాస్ ఉన్నారు, 1999లో మీ ఊళ్లోనే కన్నుమూశారు. 1948లో మైసూరు దగ్గర రాంపుర అని తను పేరుపెట్టిన పల్లెలో ఉన్నారు. 1970 ఏప్రిల్లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఆఫీసుకు ఎవరో నిప్పుపెట్టారు. ఏళ్లతరబడి తయారుచేసుకున్న కాగితాలు బూడిదయ్యాయి. గుర్తున్నదాంతోనే పుస్తకం రాశారు, 1976లో వచ్చింది. అందులో ఆయనే ఒప్పుకుంటారు, తను చూసింది ఎక్కువగా పై కులాల కళ్లతో చూసిన ఊరేనని. ఆయన పటేలు ఆశ్రయంలో ఉన్నారు, బ్రాహ్మడిగా ఊరు ఆయన్ను ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచింది. 1960ల మొదట్లో తంజావూరు జిల్లాకు వెళ్లిన మరో సోషియాలజిస్టు ఆంద్రే బెతెయ్‌కు అగ్రహారంలో బస దొరికింది. బెంగాల్ నుంచి వచ్చిన మనిషి, అక్కడి కులాల్లో దేనికీ చెందడు. అయినా అగ్రహారంలో దిగాక, ఆది ద్రావిడుల, అంటే అక్కడి దళితుల వీధికి తోచినప్పుడల్లా వెళ్లి రావడం కుదరలేదని ఆయనే రాసుకున్నారు. వీళ్లకు మనసులో లోపమని ఎవరం అనం. మకాం ఎక్కడో చూపు అక్కడ. అందుకే పిల్లలకు ‘నీ మనసులో ఏముందో రాయి’ అనే బదులు ‘నీ మకాం ఎక్కడో గీయి’ అంటే మొహమాటం లేని జవాబు వస్తుంది.

‘ఉన్నవాళ్లకు ఉంటాయి’ అన్న మీ సహోద్యోగి మాటలో ఒక వంతు నిజముంది. ఆ 43ను మీరు వినలేదు, ఆ కుర్రాడు విన్నాడు. ఏ చెవి ఏ మాటకు అలవాటుపడి ఉంటుందన్నది పుట్టిన ఇంటిని బట్టి మారుతుంది. అయితే అంత మాత్రాన ఆ కుర్రాడికి అన్నీ వినబడతాయని కాదు. అతను రేపు ఏ ఆదివాసీ గూడేనికో, లేదా తన వీధిలోనే ఆడవాళ్ల మధ్యకో వెళితే వినబడనివి అతనికీ ఉంటాయి.

ఇక ఆ 43. లెక్క సగమే అయింది. సీమలో నువ్వు అంటే చనువన్న మీ మాట తీసిపారేయదగింది కాదు. మన వైపు అమ్మనూ నువ్వంటాం, దేవుణ్నీ నువ్వంటాం. కాబట్టి సూపర్‌వైజరుతో, హెల్త్ ఇన్‌స్పెక్టరుతో మీరు చేసిన ఇంటర్వ్యూలు కూడా తీయండి. వాళ్లలో మీకంటే చిన్నవాళ్లుంటారు. అక్కడా నువ్వే ఉంటే మీ చనువు వాదన నిలబడుతుంది, హాయిగా నిద్రపోండి. అక్కడ మీరు, ఇక్కడ నువ్వు అయితే అది సీమ యాస కాదు. నేను ఊహించి చెప్పను. లెక్క మీరు చేయకండి, ఇంకొకరి చేత చేయించండి.

మరొకటి ఉంది, దీన్ని మీరు గమనించినట్టు లేదు. పేపరు ఇంగ్లీషులో రాస్తారు కదా. ఇంగ్లీషులోకి వెళ్లగానే మీ నువ్వూ, ఆవిడ మీరూ ఒకే మాట అయిపోతాయి. ‘ఆమె చెప్పింది, ఆయన చెప్పారు’ అన్న తేడా కూడా ఎగిరిపోతుంది. చాకిరేవులో పడ్డట్టు శుభ్రంగా బయటికి వస్తుంది. ఏ విదేశీ పత్రిక సంపాదకుడూ దీన్ని పట్టలేడు. ఆ కుర్రాడు తెలుగు మాటల్ని తెలుగు మాటలుగానే కన్నడ అక్షరాల్లో దించబట్టి మీకీ విషయం తెలిసింది. నేరుగా ఇంగ్లీషులో సారాంశం రాసివ్వమని ఉంటే 43 ఎప్పటికీ పుట్టేది కాదు. మీ డిపార్ట్‌మెంటులో ఒక్క నియమం మార్చగలిగితే ఇది మార్చండి: ఇంటర్వ్యూ ఏ భాషలో జరిగితే రాత ఆ భాషలోనే, లిపి ఏదైనా సరే.

పేపర్లో రాయాలా అంటే, రెండు రకాలుగా రాయవచ్చు. ‘నేను పై కులం దాన్ని, అందుకు సిగ్గుపడుతున్నాను’ అని మొదటి పేజీలో రాస్తే చదివేవాళ్లు మెచ్చుకుంటారు. మీకు తేలికవుతుంది, ఆవిడ గురించి మాత్రం ఎవరికీ ఒక్క ముక్క కొత్తగా తెలియదు. రెండోది కష్టం. మీ నువ్వు ఆవిడ జవాబుల్ని ఏం చేసిందో వెతికి రాయడం. ‘నువ్వెంత దాకా చదివావు?’ అన్నచోట ‘మాకేం చదువులమ్మా’ అని ముడుచుకుందా? కాంట్రాక్టరు గురించి అడిగినప్పుడు ‘మీకు తెలీనిదేముంది’ అని తప్పించుకుందా? 2022 జూలైలో పౌరకార్మికులు కొలువులు పర్మనెంటు చేయమని రోడ్డెక్కారు. ఆ రోజుల మాట వచ్చినప్పుడు ఆవిడ గొంతు లేచిందా, లేవకపోతే ఎందుకు లేవలేదు? ఇలా రాస్తే మీ పేపరులో సగం వాదనలు కూలవచ్చు. ప్రమోషను ఒక ఏడాది వెనక్కి పోవచ్చు. ఇంటి అప్పు కిస్తీలు నేను కట్టను కాబట్టి రాసి తీరాలని చెప్పలేను. మధ్యేమార్గం ఉంది, ఈ ఇంటర్వ్యూను ఈ పేపరు నుంచి తీసేసి దీని మీద విడిగా తర్వాత రాయడం. అలా పక్కన పెట్టినవి తర్వాత రాసినవాళ్లను నేను ఇద్దరు ముగ్గుర్నే చూశాను.

క్షమాపణ దగ్గర నాకు సందేహమే. మీరు వెళ్లి చేతులు పట్టుకుంటే ఆవిడేమంటుంది? ‘అయ్యో, అదేం మాటమ్మా’ అంటుంది. మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆవిడ మీద పడుతుంది, పొద్దున్నుంచీ ఊడ్చి వచ్చిన మనిషి మీద. మళ్లీ వెళ్లండి, వెళ్లాలి. ఈసారి ‘మీరు’ అనండి, మీరూ కిందే కూర్చోండి లేదా ఆవిడ ఇంట్లో ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. టీ ఇస్తే తాగండి. హఠాత్తుగా మీరు అనేసరికి ఆవిడ నవ్వవచ్చు, దూరం జరిగారేమని కూడా అనుకోవచ్చు. ఆమె ఏ పిలుపు కోరుకుంటే అది. కారణం అడిగితే అప్పుడు చెప్పండి.

ఒక హెచ్చరిక. ‘మీరు’ కూడా ఆరు నెలల్లో అరిగిపోతుంది. అందరినీ మీరు, గారు అంటూ ఎవరి మాటా వినని సంస్థలవాళ్లను నేను బోలెడంతమందిని చూశాను. బోర్డ్యూ కోరుకున్నట్టు ఇది పూర్తిగా రిఫ్లెక్స్ అయిందంటే ఆ రోజు నుంచీ నిద్రపోతుందేమోనని నా అనుమానం. అందుకే నేర్పేది మర్యాద మాటల్ని కాదు, లెక్కించి ఇంకొకరికి చూపించే పనిని అంటున్నాను. ఇవాళ నువ్వు, మీరు లెక్క. వచ్చే ఏడు ఎవరు ఎవరి మాటకు ఎన్నిసార్లు అడ్డొచ్చారన్న లెక్క. ఆపై కాఫీ చుక్కలు.

పది మార్కుల నోటును నేనైతే ఒప్పుకోను. పిల్లలకు రెండో బ్యాచి నుంచే సీనియర్ల నమూనా దొరుకుతుంది, కులం పేరు మార్చి అతికిస్తారు. ‘నేను ఫలానా కులంలో పుట్టిన, నగరంలో పెరిగిన యువతిని’ అన్న వాక్యం ఇప్పటికే మీకు కంఠతా వచ్చి ఉంటుంది. పైగా ఇందులో అన్యాయం ఉంది. పై కులం పిల్ల తన కులం రాస్తే మార్కులొస్తాయి. దళిత కుర్రాడు తన కులం రాస్తే క్లాసంతా తెలుస్తుంది. అయితే మార్కుల్లేకపోతే ఏ సెమిస్టరు పిల్లలూ ఏ పనీ చేయరన్నది కూడా నిజమే. పూర్తిగా వద్దంటే మీ హెడ్ ఇంకొకరి చేత నమూనా రాయిస్తారు. ఆ పది మార్కుల్ని పని మీదికి మళ్లించగలరేమో చూడండి: జోడీలుగా ఒకరి రికార్డింగు ఒకరు విని రాసిన లెక్కకు, దాని తర్వాత రెండో ఇంటర్వ్యూలో వేసిన ప్రశ్నలకు. దిద్దడానికి మీకు రెట్టింపు సమయం పడుతుంది, 40 మంది క్లాసయితే అదీ ఆలోచించుకోండి. జోడీలు ఎవరితో ఎవరు అన్నది చీటీలు తీయండి. వాళ్లకే వదిలేస్తే ఒకే రకం ఇళ్లవాళ్లు ఒకచోట చేరతారు.

ఆ కుర్రాడు. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇతనే. పక్క గింజ చెబితే తెలుస్తుందని పైన అన్నాను కదా, అందులో ఒక మోసం ఉంది. ఎప్పుడూ చెప్పవలసిన గింజ ఒక్కటే అయిపోతుంది. ఇక ప్రతి కాగితమూ అతనికి చూపించి ‘తప్పులుంటే చెప్పు నాన్నా’ అన్నారంటే, అతని తల్లి వీధి శుభ్రం చేస్తున్నట్టు ఇతను మీ భాష శుభ్రం చేస్తూ కూర్చోవాలి. అదీ జీతం లేకుండా. రాజనీతి శాస్త్రవేత్త గోపాల్ గురు 2002లో ఈ దేశపు సామాజిక శాస్త్రాల గురించి చేదుగా ఒక మాట అన్నారు, సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, సమాచారం మోసే శూద్రులు అని. మీ ప్రాజెక్టులో రాసిపెట్టినవాడు అతను, పేపరు రాసేవారు మీరు. బోర్డ్యూ బృందం 1993లో పెద్ద ఇంటర్వ్యూల పుస్తకం తెచ్చినప్పుడు, అడిగేవాళ్లు తమకు పరిచయమున్న, తమలాంటి మనుషుల్నే ఎంచుకునే వీలు కల్పించారు. మీ అధ్యయనంలో ఆ దగ్గరితనం మీకు కాదు, ఇతనికి ఉంది. అతనికి ఇష్టమైతే తర్వాతి ఇంటర్వ్యూలు తనే చేసి, పేపరుపై తన పేరుతో, తన వాదన తనే రాసుకోవచ్చు. ఇష్టం లేకపోతే, అమ్మ పని మీద కాకుండా ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మీదో చేస్తానంటే, అదీ అతని హక్కే. అడగండి. అడిగేటప్పుడు అతని గైడు మీరేనని, కాదనడం అతనికి కష్టమని గుర్తుంచుకుని, జవాబుకు వారం గడువివ్వండి.

ముఖం ఎలా చూడాలి అన్నారు. అతను మీ మీద కోపంతో ఆ అంకె వేశాడో, మీరు చెప్పిన పాఠాన్ని మీకంటే బాగా పట్టుకుని వేశాడో నాకు తెలియదు. మీకూ తెలియదు. మీ ఉత్తరమంతా అది మొదటిదేనన్నట్టు నడుస్తుంది. రెండోది కూడా కావచ్చునన్న ఊహే మీకు రాలేదు. రెండోదే అయితే, ఆ అలవాటు పిల్లలకు పట్టించగలనా అన్న మీ ప్రశ్నకు జవాబు పెన్సిలుతో రాసి మీ బల్ల మీదే ఉంది.

ఈసారి ఆ పాఠం చెప్పే రోజు బోర్డు మీద నిర్వచనం రాయకండి. మీ రికార్డింగు వినిపించండి. ముందుగా ఆవిడను అడిగి, ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే ఆవిడ మాటలు వదిలేసి మీ ప్రశ్నలు మాత్రం కాగితం మీద పంచండి. ఆవిడ పేరు తీసేసి, మీ పేరు ఉంచి. మొదటి ప్రశ్న దగ్గర నుంచి కాదు, ‘ఇట్లా వచ్చి కూర్చో’ దగ్గర నుంచి.